బొటనవేలంత అక్షయపాత్ర

ఆన్‌లైన్‌లో అమ్మే 16 టీబీ (టెరాబైట్లు, అంటే పదహారు వేల జీబీ) పెన్ డ్రైవ్‌ను అనుమానించేవాళ్లకు భక్తి తక్కువ. పొట్టి వామనుడు మూడడుగుల్లో ముల్లోకాలూ కొలిచాడంటే చేతులు జోడించే మనం, బొటనవేలంత ప్లాస్టిక్ ముక్కలో 16 టీబీ ఉందంటే ముఖం చిట్లించడం న్యాయమా? పైగా ధర చూడండి: పేరున్న 64 జీబీ డ్రైవ్‌కు అటూ ఇటూగా. అమ్మేవాడు పాపం నష్టానికి దానం చేస్తున్నాడు.

సాక్ష్యం కావాలా? కంప్యూటర్‌కు గుచ్చి ప్రాపర్టీస్ తెరవండి. టీబీలకు టీబీలు ఖాళీ. కళ్లారా చూశాం కాబట్టి అప్పటికప్పుడే ఐదు నక్షత్రాలిచ్చి ‘సూపర్ ప్రోడక్ట్’ అని రాసేస్తాం. సత్రం బోర్డు మీద గదుల సంఖ్య చదివి, తలుపు కూడా తట్టకుండా ‘బస అద్భుతం’ అని సర్టిఫికెట్ ఇవ్వడం లాంటిదన్నమాట.

నిజానికి సత్రంలో గదులు అరవై నాలుగే, గదికో జీబీ చొప్పున. బోర్డు మీద పదహారు వేలు. గుమాస్తా పేరు కంట్రోలర్, డ్రైవ్‌లో రాత, చదువు చూసుకునే చిప్. ఇతన్ని నడిపే ప్రోగ్రామ్‌ను, అంటే ఫర్మ్‌వేర్‌ను, ఫ్యాక్టరీలోనే మార్చి, ఎవరడిగినా పదహారు వేలని చెప్పమన్నారు. అరవై నాలుగో అతిథి దాకా మర్యాదకు లోటుండదు. అరవై అయిదో ఆయన వస్తాడు. ‘మీ గది సిద్ధం, దయచేయండి’ అంటూ రిజిస్టర్‌లో పేరు, ఊరు, సామాను బరువుతో సహా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుని, పెరటి తలుపు తీసి బయటికి నెట్టేస్తాడు. కొందరు గుమాస్తాలు ఇంకాస్త దయగలవాళ్లు. బయటికి నెట్టరు, మొదటి గదిలో నిద్రపోతున్న మనిషి మీదే కొత్తాయన్ని పడుకోబెడతారు. ఆ మొదటి గదిలోనే రిజిస్టర్, అంటే ఫైళ్ల జాబితా, కూడా ఉంటుంది కాబట్టి, ఏదో ఒక రోజు అదీ నలిగి చిరుగుతుంది. ‘డిస్క్‌ను ఫార్మాట్ చేయాలి’ అని కంప్యూటర్ అడిగేది ఆ రోజే. తెలివైన గుమాస్తా రిజిస్టర్ గదిని మాత్రం భద్రంగా కాపాడుకుంటాడు. అప్పుడు ఫోల్డర్లు, ఫైళ్ల పేర్లు, సైజులు అన్నీ చెక్కుచెదరవు. తెరిస్తే లోపల సున్నాలు.

కాపీ చేసేటప్పుడు కంప్యూటర్‌కు తెలియదా? తెలియదు. రాసినదాన్ని మళ్లీ చదివి సరిచూసే అలవాటు దానికి లేదు. వెంటనే ఫైల్ తెరిచి చూసినా మోసపోవచ్చు, ఎందుకంటే కంప్యూటర్ తన తాత్కాలిక మెమరీ అయిన ర్యామ్‌లో మిగిలిన కాపీని చూపిస్తుంది. డ్రైవ్ పీకి, మళ్లీ పెట్టి చూడాలి.

మనం నమ్మడానికి కారణం లేకపోలేదు. 1956లో ఐబీఎం తెచ్చిన తొలి హార్డ్ డిస్క్‌లో డేటా రాసే 24 అంగుళాల పళ్లేలు 50. బరువు సుమారు టన్ను. పట్టింది 50 లక్షల అక్షరాలు. ఇవాళ గోరంత మెమరీ కార్డ్‌లో 1 టీబీ నిజంగానే పడుతోంది. ఇంత పెద్ద నిజం మింగినవాడికి 16 టీబీ అబద్ధం గొంతు దిగదా?

లెక్క వేస్తే దిగదు. ఫ్లాష్ చిప్‌లోని ఒక్కో సిలికాన్ ముక్కలో 1 టెరాబిట్, మహా అయితే 2 (ఎనిమిది బిట్లు ఒక బైట్), అంటే 128 లేదా 256 జీబీ. 16 టీబీకి పెద్దవైనా 64 ముక్కలు కావాలి. 2017లో కింగ్‌స్టన్ 2 టీబీ పెన్ డ్రైవ్ తెస్తేనే మామూలు వాటికంటే ఎంతో లావుగా వచ్చింది. 16 టీబీ హార్డ్ డిస్క్‌లో అయితే హీలియం నింపి, తొమ్మిది పళ్లేలు పేర్చారు. మన అక్షయపాత్రను విప్పితే ఒక మెమరీ కార్డ్, కాస్త జిగురు. ఇదే మోసాన్ని పెద్ద డబ్బాలో పెట్టి అమ్మితే బరువు కోసం ఇనప నట్లు కూడా. పైన పటారం, లోన లొటారం.

సెకనుకు 10 ఎంబీ రాసే ఈ వామనుడు నిండాలంటే 16 లక్షల సెకన్లు, అంటే పద్దెనిమిదిన్నర రోజులు. రిటర్న్ గడువుకు ముందే నిజం బయటపడదని అమ్మేవాడి ధీమా. అన్ని రోజులు అక్కర్లేదు. ఖాళీ డ్రైవ్ మీద హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే విండోస్ పరీక్షా ప్రోగ్రామ్ నడపండి, మొత్తం జాగా కాకుండా 150 జీబీకే పరిమితం చేయండి. 1 జీబీ ఫైళ్లు రాసి తిరిగి చదువుతుంది. నాలుగు గంటల్లో రాత పూర్తవుతుంది, తర్వాత చదువు. లినక్స్, మ్యాక్ వాళ్లకు అదే పని చేసే ప్రోగ్రామ్‌లు ఎఫ్3రైట్, తర్వాత ఎఫ్3రీడ్. అసలు సైజు తేలాక అంతవరకే పార్టిషన్ చేసి, అంటే విడి భాగంగా కత్తిరించి, వాడుకోవచ్చంటారు. వద్దు. అందులో ఉండేది తరచూ నాసిరకమని ఫ్యాక్టరీవాళ్లు పక్కన పడేసిన చిప్పే.

నవ్వు ఇక్కడితో చాలు. ఈ డ్రైవ్ కొనేది ఫోన్ నిండిపోయినవాళ్లు. కాపీ అయిపోయిందని నమ్మి ఫోన్‌లో చెరిపేస్తారు. పోయిన తండ్రి గొంతు ఉన్న ఒక్క వాయిస్ మెసేజ్, బిడ్డ తొలి అడుగుల వీడియో, అన్నీ ఆ పెరటి తలుపు గుండా పోతాయి. డేటా రికవరీ వాళ్ల దగ్గరికి వెళ్లినా లాభం లేదు, అసలు రాయనిదాన్ని ఎవడు వెలికితీస్తాడు? మనం రేపు ఏ చెప్పులు కొంటామో ఈ రోజే పసిగట్టే అమ్మకపు సైట్లకు, ఒక్క డ్రైవ్ తెప్పించి నాలుగు గంటలు పరీక్షించే తీరిక లేదా? ఉంది సిగ్గులేనితనం. ప్రతి అమ్మకంలోనూ కమీషన్ తింటున్నారు, అంతే.

డబ్బు వాపసు ఇస్తారులెండి. కారణాల జాబితాలో ‘అబద్ధం చెప్పారు’ అనే గడి మాత్రం కనిపించదు. ‘రంగు నచ్చలేదు’ ఉంటుంది, అది నొక్కండి. కింద వెంటనే 30 టీబీది చూపిస్తారు. ధర ఇంకా తక్కువ.