కుక్కల రవాణాపై ఒక బాధ్యతగల పౌరుడి అభ్యంతరాలు

లోకంలో జాలి పడటానికి ఒక పద్ధతి ఉంది. దిక్కులేని కుక్క కనిపిస్తే "అయ్యో పాపం" అంటాం. ఫొటో తీసి, "ఎవరైనా వెంటనే స్పందించండి" అని రాసి నలుగురికీ పంపుతాం. ఆ ఎవరైనా మనం కాదని అందరికీ తెలుసు కాబట్టి ఏర్పాటు ఇన్నాళ్ళూ చక్కగా సాగింది. ఇప్పుడు కొందరు ఆ కుక్కను పెంచుకునేవాళ్ళ దగ్గరికి చేరుస్తామని నిజంగానే కారు తాళాలు తీసుకుని బయలుదేరుతున్నారు. మాట వరసకు అన్నదాన్ని పట్టుకుని ఇలా పరువు తీయడం ఏపాటి మర్యాద?

వీళ్ళ పనితీరు చూస్తే అనుమానం ఇంకా బలపడుతుంది. దిక్కులేని కుక్కలను ఉంచే షెల్టర్లు కిక్కిరిసిన చోటి నుంచి, పెంచుకునేవాళ్ళు ఎదురుచూస్తున్న చోటికి కుక్కను చేర్చాలి. దూరం వందల కిలోమీటర్లు. అంత దారి ఒక్కరి వల్ల కాదు కనుక ముక్కలుగా పంచుకుంటారు. ఒకరు గంటో గంటన్నరో నడిపి మరొకరికి అప్పగిస్తారు, ఆ మనిషి ఇంకొకరికి. చాలామందికి ముఖపరిచయమైనా ఉండదు. తీరా చూస్తే, మొదటి కారు ఎక్కిన కుక్కే చివరి కారులోంచి దిగుతుంది! ఏదైనా సరే చేతులు మారే కొద్దీ కరిగిపోవడం లోకధర్మం. ఐదారు చేతులు దాటి కూడా చెక్కుచెదరలేదంటే ఎక్కడో అవకతవక జరిగి ఉండాలి. ఆడిట్ జరిపించాలి.

ఆ అప్పగింతలు మరీ విడ్డూరం. కుక్కకు ఒకటి చాలదని రెండు పట్టీలు కడతారు. తీసుకునే మనిషి తాడు గట్టిగా పట్టుకున్నాకే ఇచ్చే మనిషి వదలాలి. బెదిరిన కుక్కకు క్షణం సందు దొరికితే చాలు, పారిపోతుందట. ప్రయాణంలో వాంతి చేసుకుంటుందని ముందుగా కడుపు నిండా పెట్టరు. అయినా చేసుకుంటుంది. తుడుచుకుంటారు, అదీ నవ్వుతూ. కుక్కపిల్లల ప్రాణాలు తీసే పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది కనుక, టీకాలు పూర్తికాని కుక్కపిల్లలను దారిలో నేల మీద దింపనివ్వరు. మనం నిక్షేపంగా తిరిగే నేల వాటికి పనికిరాదన్నమాట!

ఇక కాగితాలు. ఐరోపా సమాఖ్య దేశాల్లోకి వెళ్ళే కుక్కకు మైక్రోచిప్ ఉండాలి. దానికి 15 అంకెల సంఖ్య. రేబిస్ టీకా ఆ చిప్ పెట్టకముందే వేయిస్తే చెల్లదు. మొదటి టీకా అయితే ఆపైన 21 రోజులు ఆగాలి. బ్రిటన్‌కైతే బద్దెపురుగుల మందు కూడా కావాలి. చేరడానికి 24 గంటలకు తగ్గకుండా, 120 గంటలకు మించకుండా ముందు పశువైద్యుడే వేయాలి. కుక్కను వదిలించుకునేవాడిని చూడండి. కారు ఆపుతాడు, తలుపు తీస్తాడు, వెళ్ళిపోతాడు. సంతకం లేదు, ముద్ర లేదు. సరళమైన పరిపాలన అంటే అదీ.

పూర్వం కుక్కల రవాణాలో ఎంత హుందాతనం ఉండేదని! మాస్కో వీధికుక్క లైకాను 1957 నవంబరు 3న స్పుత్నిక్-2లో ఎక్కించి అంతరిక్షానికి పంపారు. తిరుగు ప్రయాణం ఏర్పాటే లేదు. వేడికి తాళలేక కొన్ని గంటల్లోనే అది చనిపోయింది. ఆ నిజం 2002లో గానీ బయటికి రాలేదు. ఈలోగా తపాలా బిళ్ళలు మాత్రం బాగా వేశారు. అంతకు ఎంతో ముందే, రథం వెంటబెట్టుకుని వచ్చిన ఇంద్రుడు కుక్కను ఎక్కనివ్వనని ఖండితంగా చెప్పాడు. రవాణా అధికారి అంటే అలా ఉండాలి. ధర్మరాజే మొండికేశాడు. ఈ జబ్బు మనుషులకు అక్కడే అంటుకుందని నా అనుమానం.

గట్టిగా నిలదీస్తే రుణం తీర్చుకుంటున్నామంటారు. 1925లో అలాస్కాలోని నోమ్ పట్టణంలో కంఠసర్పి (డిఫ్తీరియా) ప్రబలినప్పుడు సుమారు 150 కుక్కలు వంతులవారీగా మంచులో బండ్లు లాగి, 1,085 కిలోమీటర్ల దూరం నుంచి ఐదున్నర రోజుల్లో మందు చేర్చాయి. తోలింది 20 మంది. కాదనను. కానీ మందు ఇచ్చేముందు, మీ ఇంటికి ప్రహరీ ఉందా అని ఆ కుక్కలు ఎవరినైనా అడిగాయా? వీళ్ళు అడుగుతారు. రోజుకు ఎన్ని గంటలు ఇంట్లో ఉంటారు, ఇల్లు మారితే కుక్కను ఏం చేస్తారు, ముసలిదైతే ఏం చేస్తారు అని ఆరా తీస్తారు. పెంచుకుంటామని ముందుకొచ్చిన పెద్దమనుషులను పట్టుకుని ఇన్ని ప్రశ్నలా!

ఇన్ని అభ్యంతరాలున్నా నేను సహకరించకపోలేదు. ఏ దారి మేలు, బోను ఎటువైపు పెట్టాలి, ఎక్కడెక్కడ ఆగాలి అన్నీ వివరంగా రాసి పంపాను. సలహాలకు కృతజ్ఞతలు చెప్పి, ఆదివారం నాలుగో మజిలీకి కారు నడిపేవాళ్ళు దొరకలేదు, మీరు రాగలరా అని బదులిచ్చారు. ఆదివారం నాకు ఎలా కుదురుతుంది? ఈ వ్యాసానికి రెండో భాగం రాయాలి.