సవరణ: ఆరోగ్యపచ్చ గురించి నేను తప్పుగా రాసినవి
ఆదివాసుల దగ్గర మొక్కల గురించి తెలుసుకోవడానికి వెళ్లే విద్యార్థుల కోసం ఇంతకుముందు రాసిన పోస్టులో, 1987లో కేరళ అగస్త్యమలై అడవుల్లో శాస్త్రవేత్తలు ఆరోగ్యపచ్చ అనే మొక్కకున్న అలసట పోగొట్టే గుణాన్ని కనుగొన్నారని అన్నాను. అది తప్పు. వాళ్లు కనుగొనలేదు, అడిగి తెలుసుకున్నారు. వెంట దారి చూపిస్తూ నడిచిన కాణీలు, అంటే అక్కడి ఆదివాసులు, ఆ మొక్క కాయలు తింటూ అలసట లేకుండా కొండలెక్కడం చూసి శాస్త్రవేత్తలు పదేపదే అడిగితే, కాణీలు చెప్పారు. చెప్పడానికి మొదట ఇష్టపడలేదు కూడా. ‘కనుగొన్నారు’ అనే ఒక్క మాటతో తరాల జ్ఞానాన్ని వాళ్ల చేతుల్లోంచి లాగేసుకున్నట్టయింది. అందుకు నిజంగా బాధపడుతున్నాను.

ఆ మొక్కతో తర్వాత తయారైన ‘జీవని’ అనే మందును కాయలతో చేశారనీ రాశాను. కాణీలు తినేది కాయలు, మందులో వాడింది ఆకులు. మీ నోట్సులో మొక్క పేరు పక్కనే ఏ భాగమో తప్పకుండా రాసుకోండి.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు, మొక్కల గురించి తెలుసుకోవడానికి దారి చూపే ‘గైడు ఒప్పుకుంటే చాలు’ అనడం. జీవని మందు మీద వచ్చే లైసెన్సు ఫీజులో, రాయల్టీలో సగం కాణీలకు ఇవ్వాలని నిర్ణయించారు, 1997లో వాళ్ల ట్రస్టు ఏర్పడింది. అయినా ఈ జ్ఞానాన్ని బయటివాళ్లకు ఇవ్వడాన్ని ప్లాతీలు, అంటే వాళ్ల సంప్రదాయ వైద్యులు, కొందరు వ్యతిరేకించారు. ఒకరిద్దరి అంగీకారం ఊరందరి అంగీకారం కాదు. ఆ వాక్యాన్ని తీసేశాను.