తొందరగా ఇల్లు అమ్ముకునే వారికి ఒక విన్నపం

ఇల్లు తొందరగా, పెద్దగా ఆందోళన పడకుండా అమ్ముకోవచ్చుననే ప్రచారం ఈ మధ్య మన విజయనగరం దాకా పాకింది. కాగితాలు ముందే సరిచూసుకోండి, చుట్టుపక్కల ఈ మధ్య అమ్ముడైన ఇళ్లను చూసి ధర నిర్ణయించుకోండి, వారసులందరితో మాట్లాడుకున్నాకే బోర్డు పెట్టండి అని కొందరు అడగకుండానే సలహాలిస్తున్నారు. వీటిని పాటిస్తే ఇల్లు రెండు మూడు నెలల్లో నిజంగానే అమ్ముడైపోయే ప్రమాదం ఉంది కనుక, ఊరి మేలు కోరేవాడిగా నా అభ్యంతరాలను రాతపూర్వకంగా తెలియజేయడం ధర్మమని భావిస్తున్నాను.

మొదటి అభ్యంతరం ధర గురించి. తొందరపడే మనిషి పక్క సందులో మొన్న రిజిస్ట్రేషన్ అయిన ఇంటి స్థలం గజం ఎంతకు పోయిందో కనుక్కుంటాడు, తన కట్టడం వయసును బట్టి తగ్గించాల్సింది తగ్గిస్తాడు, ఒక అంకె చెప్పి ఊరుకుంటాడు. మన పద్ధతి ఇంత పేలవమైనది కాదు. స్లాబు వేసిన రోజు కాసిన ఎండకు, వాకిట్లో వేసిన పెద్దమ్మాయి పెళ్లిపందిరికి, అమ్మగారు స్వయంగా నాటిన కొబ్బరిచెట్టుకు విడివిడిగా వెల కట్టి, వచ్చిన మొత్తానికి మన జిల్లాలోని భోగాపురం విమానాశ్రయాన్ని కలపడం మన పద్ధతి. ఆ విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023లో మరొకసారి శంకుస్థాపన జరిగింది కనుక దాసన్నపేటలోనైనా, కంటోన్మెంటులోనైనా ఇంటి ధరను రెండుసార్లు పెంచడం న్యాయమే. అమ్మేవాడు జన్మలో విమానం ఎక్కకపోవచ్చు, కొనేవాడు రోజూ కాంప్లెక్సులో బస్సెక్కి విశాఖపట్నం వెళ్లివచ్చే చిరుద్యోగి కావచ్చు. అయినా ఆ విమానాల ఖరీదు ఎవరో ఒకరు భరించాలి గదా.

మొదట వచ్చిన బేరాన్ని ఎలా గౌరవించాలో కూడా ఈ సలహాదారులకు తెలియదు. బోర్డు పెట్టిన పదిహేను రోజుల్లోనే, ఇల్లు నిజంగా అవసరమైన మనిషి ఒకడు వచ్చి 48 లక్షలు ఇస్తానంటాడు. ఇంత తొందరగా ఇంత ఇస్తానన్నాడంటే ఇల్లు 60కి తక్కువ ఉండదని యజమానికి అప్పుడే జ్ఞానోదయమవుతుంది. ఆ మనిషిని మర్యాదగా సాగనంపి, ఆ తరువాత రెండేళ్లపాటు గుమ్మంలోకి వచ్చిన ప్రతివాడికీ "48కే ఇవ్వలేదండీ" అని చెప్పుకోవడంలో ఉన్న తృప్తి, ఆ 48 లక్షలు బ్యాంకులో వేసుకున్నవాడికి ఎన్నటికీ దక్కదు. ఈ రెండేళ్లలో పోయిన వడ్డీ ఎంతని అడగడం అమర్యాద.

కాగితాల విషయానికి వస్తే, ముందుగా ఈసీ, అంటే ఇంటి మీద నమోదైన అమ్మకాలూ తనఖాలూ చూపే రిజిస్ట్రేషన్ శాఖ పత్రం, తీయించడమంత తెలివితక్కువ పని మరొకటి లేదు. ఎప్పుడో తీర్చేసిన ఇంటి అప్పు తాలూకు తనఖా అందులో ఇంకా బతికే ఉందని ముందే తెలిస్తే, బ్యాంకు చుట్టూ తిరిగి దాన్ని రద్దు చేయించి రిజిస్టరు చేయించాల్సి వస్తుంది. ఆ సంగతిని బయానా ఇచ్చిన తరువాత కొనేవాడి లాయరు కనిపెట్టడమే పద్ధతి. దస్తావేజును కూడా బీరువాలోంచి తీసి చదవరాదు. చదివితే తూర్పు హద్దులో ఖాళీ స్థలమని రాసినచోట ఇప్పుడు మూడంతస్తుల మేడ ఉందనీ, కాగితం మీద 5 సెంట్లు, అంటే 242 గజాలు ఉన్నది టేపు పెడితే 231 గజాలే వస్తోందనీ, నాన్నగారి పేరు దస్తావేజులో ఒకలా, ఇంటిపన్ను రసీదులో మరొకలా ఉందనీ బయటపడుతుంది. ఆ 11 గజాలు పక్కవారి ప్రహరీలో కలిశాయా, కార్పొరేషన్ కాలువలో కలిశాయా అన్న చర్చ రిజిస్ట్రేషన్ నాడు, సబ్ రిజిస్ట్రారు కార్యాలయం వరండాలో, సాక్షుల సమక్షంలో జరిగితేనే రక్తి కడుతుంది.

వీటన్నిటికన్నా ఘనమైనది అప్పచెల్లెళ్ల సంతకం. తండ్రి తన సంపాదనతో కట్టిన ఇంటికి వీలునామా రాయకుండా పోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారమే భార్యతో పాటు కొడుకులూ కూతుళ్లూ సమాన వారసులు. తాతముత్తాతల నుంచి వచ్చిన పిత్రార్జితంలో కూతుళ్లకు మన రాష్ట్రం 1986లో సవరణ తెచ్చి హక్కు ఇస్తే, 2005లో అది దేశమంతటికీ వచ్చింది. ఇంత సుదీర్ఘ చరిత్ర ఉన్న హక్కు గురించి, బేరం కుదిరి బయానా జేబులో పడే వరకు తమ్ముడికి ఒక్క మాటైనా తెలియకపోవడం మన కుటుంబ వ్యవస్థ సాధించిన అపురూప విజయం. అప్పుడు భిలాయిలో స్థిరపడిన అప్పకు ఫోను వెళుతుంది.

"అప్పా, ఊరికే ఒక సంతకం పెట్టీసి వెళ్లిపో. టిక్కెట్టు డబ్బులు నానే ఇస్తాను."

"బాగానే ఉంది. నాన్న పోయిన ఏడేళ్లకి గుర్తొచ్చేనా? పోనీలే గానీ, ఇల్లు ఎంతకి ఇచ్చీసేవు?"

ఇక్కడ తమ్ముడు నిజం చెప్పడు, అక్కడ అప్ప నమ్మదు. ఫోను బావగారి చేతికి మారుతుంది. ఆయన ఆస్తి మాటే ఎత్తకుండా, అమ్మగారి నగలు ఎవరి దగ్గర ఉన్నాయని మాత్రం అడుగుతారు. ఆ తరువాత పెళ్లినాడు ఇస్తామన్న స్కూటరు, పెద్దాడి బారసాలకు పెట్టని బట్టలు, 1996 తుఫానుకు ఎగిరిపోయిన రేకులకు ఎవరి డబ్బు పెట్టారన్న లెక్క వరుసగా వస్తాయి. వాటా ఇచ్చేస్తే సంతకం ఒక్క పూటలో వస్తుందని అనుభవజ్ఞులు అంటారు గానీ, అంత ఖర్చుతో కూడిన మార్గాన్ని మన పెద్దలు ఏనాడూ ప్రోత్సహించలేదు.

కొనేవాళ్ల తీరు మీద కూడా రెండు మాటలు చెప్పాలి, లేకపోతే తప్పంతా అమ్మేవాడిదే అన్నట్టుంటుంది. ఇల్లు చూడడానికి కొనే మనిషి ఒక్కడే రాడు. మధ్యవర్తి, బావమరిది, బావమరిదికి తెలిసిన సిద్ధాంతిగారు వెంట వస్తారు. సిద్ధాంతిగారు హాలు మధ్యలో కంపాసు పెట్టి, కళ్లు మూసుకుని, నైరుతిలో నుయ్యి ఉందని ప్రకటిస్తారు. ఆ నుయ్యి పూడ్చి ఇరవై ఏళ్లయిందని, దాని మీదనే కదా మీరు ఇప్పుడు కాఫీ తాగుతున్నారని ఇంటాయన విన్నవించుకుంటాడు. పూడ్చినా దోషం పోదట. అయితే అదే దోషం ధరలో 3 లక్షలు తగ్గించగానే పోతుందని సాయంత్రం మధ్యవర్తి ఫోనులో చెబుతాడు. శాస్త్రానికి ఇంతటి సౌలభ్యం మరే దేశంలోనూ లేదు. ఆపై ఆషాఢం వస్తుంది, అది వెళ్లాక మూఢం వస్తుంది, ఆ రెండూ లేనప్పుడు మంగళవారం వస్తుంది. మన పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరిగేది విజయదశమి వెళ్లిన మంగళవారం నాడే, ఆ రోజు లక్షలమంది ఊరికి వస్తారు. కానీ బయానా ఇవ్వడానికి మాత్రం ఆ వారం పనికిరాదు.

ఇక డబ్బు. మన రాష్ట్రంలో స్టాంపు సుంకం 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం కలిపి 7.5 శాతం కొనేవాడు కట్టుకోవడం వాడుక. కనుక దస్తావేజులో అసలు ధర కాకుండా సర్కారు కట్టిన తక్కువ విలువే రాద్దాం, మిగిలింది సంచీలో తెస్తాను అని అతను ప్రేమగా ప్రతిపాదిస్తాడు. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదు పుచ్చుకుంటే, పుచ్చుకున్నంత మొత్తమూ జరిమానాగా కట్టాల్సి వచ్చే నిబంధన 2015 నుంచి ఉంది. జరిమానా పడేది సంచీ తెచ్చినవాడికి కాదు, అందుకున్నవాడికి. అయినా సంచీని చూసిన కళ్లకు చట్టం ఆనదు. ధర 50 లక్షలు, అంతకు మించితే కొనేవాడు అందులో 1 శాతం పట్టుకుని అమ్మేవాడి పాన్ నంబరు మీద ఆదాయపు పన్నుకు జమ చేయాలన్న నియమం మాత్రం తన మీద జరిగిన దోపిడీగా యజమానికి తోస్తుంది. ఆ 50 వేల కోసం 50 లక్షల బేరం చెడగొట్టుకున్న ధీరులను గంటస్తంభం దగ్గర టీ దుకాణంలో ఇప్పటికీ చూపిస్తారు.

ఈ మర్యాదలన్నీ పక్కన పెట్టి ఇల్లు అమ్మినవారికి ఏమవుతుందో కూడా చెప్పాలి. మా వీధిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ముందుగానే ఈసీ తీయించి, స్థలం కొలిపించి, 231 గజాలకే ధర చెప్పి, చెల్లెలి వాటా ఎంతో కాగితం మీద రాసి ఆవిడకు వినిపించి, ఆ తరువాత బోర్డు పెట్టారు. ఆషాఢం రాకముందే ఇల్లు 46 లక్షలకు పోయింది, డబ్బంతా బ్యాంకు ద్వారానే అందింది. ఆనాటి నుంచి ఆయనకు వీధిలో నడిచే స్వేచ్ఛ లేదు. "ఏటి మాస్టారూ, అంత వేగిరం అమ్మీసేరు? డబ్బులకేటైనా ఇబ్బందొచ్చిందా?" అని అడిగేవారు కొందరు, అబ్బాయి ఉద్యోగం పోయిందటగా అని ఓదార్చేవారు కొందరు. ధర చెబితే మోసపోయారంటారు, చెప్పకపోతే నల్లడబ్బు పుచ్చుకున్నారంటారు. ఆయన ఇంటికి ఆనుకుని, అదే ఏడాది, అదే మేస్త్రీ కట్టిన ఇంటి యజమాని మరీ బాధపడ్డారు. మాస్టారు వీధి విలువ పోగొట్టారనీ, దాన్ని నిలబెట్టే భారం తన మీద పడిందనీ చెప్పి, నాలుగేళ్లుగా అమ్మకానికి ఉన్న తన ఇంటి ధరను 58 లక్షల నుంచి 65 లక్షలకు పెంచారు. బోర్డు మీద ఫోను నంబరు ఎండకు వెలిసిపోయిందట. దసరాలోపు మళ్లీ రాయిస్తారట.