మంత్రులు మారినా కదలని దస్త్రం

సైన్యానికి 1,86,138 బుల్లెట్‌ ప్రూఫ్‌ జాకెట్లు కావాలన్న ప్రతిపాదనకు 2009లో ఆమోదముద్ర పడింది. కొనుగోలు ఒప్పందం మీద సంతకాలయ్యింది 2018 ఏప్రిల్‌లో. ఖర్చు రూ.639 కోట్లు. ఇదేమీ అణు జలాంతర్గామి కాదు, జవాను ఒంటి మీద వేసుకునే జాకెట్‌. ఆ తొమ్మిదేళ్లలో రక్షణ మంత్రి కుర్చీ ఆంటోనీ నుంచి జైట్లీకి, ఆయన నుంచి పరీకర్‌కు, తిరిగి జైట్లీకి, ఆపై నిర్మలా సీతారామన్‌కు చేతులు మారింది. మధ్యలో ఒక టెండరు పరీక్షల దశలోనే కుప్పకూలింది. ఈలోగా సైనికుల గతేమిటని 2016లో 50 వేల జాకెట్లకు విడిగా ఆర్డరు పెట్టాల్సి వచ్చింది. ఇంత ఆలస్యానికి బాధ్యులెవరని అడిగితే రక్షణ శాఖలో వేలెత్తి చూపడానికి ఒక్క అధికారీ దొరకరు. ఆ శాఖను పట్టి పీడిస్తున్న అసలు జబ్బు ఇదేనని మా అభిప్రాయం.

రక్షణ శాఖ చరిత్రను మంత్రుల గుణగణాల చిట్టాగా చదవడం మనకు అలవాటైపోయింది. కృష్ణ మేనన్‌ అహంభావి, చవాన్‌ సమర్థుడు, ఫెర్నాండెజ్‌ జవాన్ల మనిషి, ఆంటోనీ మచ్చలేని వ్యక్తి... ఇవన్నీ కొంతమేర నిజాలే. మేనన్‌తో పొసగక సైన్యాధిపతి జనరల్‌ తిమ్మయ్య 1959 ఆగస్టులో రాజీనామా ఇచ్చి, నెహ్రూ నచ్చజెప్పాక వెనక్కి తీసుకున్నారు. సేనానులకూ మంత్రికీ మధ్య ఏర్పడిన ఆ బీటకు 1962 చైనా యుద్ధంలో దేశం మూల్యం చెల్లించింది. ఆ పరాజయం తర్వాత పగ్గాలు అందుకున్న యశ్వంత్‌రావ్‌ చవాన్‌ రోజూ ఉదయమే దళాధిపతులనూ కార్యదర్శులనూ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. 8.25 లక్షల సైన్యం, 45 స్క్వాడ్రన్ల (విమాన దళాల) వాయుసేన లక్ష్యంగా 1964-69 పంచవర్ష రక్షణ ప్రణాళిక ఆయన హయాంలోనే రూపుదిద్దుకుంది. సమర్థతతో పాటు నాలుగేళ్ల నిలకడ దొరకడం కూడా అందుకు కారణం.

ఆ నిలకడ తర్వాత చాలామందికి దక్కలేదు. విశ్వనాథ్‌ ప్రతాప్‌ సింగ్‌ 1987లో మూడు నెలలు కూడా నిలవలేదు. 1996లో ప్రమోద్‌ మహాజన్‌ 13 రోజుల ప్రభుత్వంతో పాటే వెళ్లిపోయారు. అంతకన్నా చేటు చేసిన అలవాటు, రక్షణను మరో పెద్ద శాఖకు తోకగా తగిలించడం. 2001లో విదేశాంగ మంత్రి జస్వంత్‌ సింగ్‌ ఏడు నెలలపాటు రెండూ మోశారు. ఆర్థిక మంత్రి జైట్లీకి 2014లో ఒకసారి, 2017లో మరోసారి రక్షణ అదనపు బాధ్యతగా వచ్చింది. డోక్లాంలో 73 రోజులపాటు చైనా సేనలతో మన సైనికులు ఎదురుబొదురుగా నిలిచింది ఆ రెండో విడతలోనే. జీఎస్టీ అమల్లోకి వచ్చిందీ సరిగ్గా ఆ రోజుల్లోనే! 1985లో రక్షణ మంత్రిగా పనిచేసిన పీవీ నరసింహారావు, ప్రధాని అయ్యాక 1993 నుంచి 1996 దాకా ఆ శాఖను తన దగ్గరే అట్టిపెట్టుకున్నారు. మన తెలుగువాడన్న అభిమానంతో దాన్ని సమర్థించలేం. ప్రధాని బల్ల మీద రక్షణ దస్త్రం వందలో ఒకటి అవుతుంది.

అలాగని మంత్రి ఎక్కువ కాలం ఉంటే చాలనుకోవడమూ పొరపాటే. ఆంటోనీ ఏడున్నరేళ్లు ఏకధాటిగా కొనసాగారు. 126 యుద్ధ విమానాలకు 2007 ఆగస్టులో టెండరు పిలిచింది ఆయన హయాంలోనే. ఆరు కంపెనీలు పోటీపడ్డాయి, 2012 జనవరిలో రఫేల్‌ది తక్కువ ధర అని తేలింది. తరువాయి కథ అక్కడే ఆగింది. 18 విమానాలు నేరుగా తెచ్చుకుని, 108 ప్రభుత్వ రంగ హిందుస్థాన్‌ ఏరోనాటిక్స్‌ (హెచ్‌ఏఎల్‌)లో తయారుచేయాలి. ఆ 108కి పూచీ ఎవరిది, ఇక్కడ ఒక్కో విమానానికి ఎన్ని పనిగంటలు పడతాయి అన్న లెక్క తేలకుండానే ఆంటోనీ పదవీకాలం ముగిసింది. 2015లో ఆ టెండరును ఉపసంహరించి, 2016 సెప్టెంబరులో 36 విమానాలకు ఒప్పందం చేసుకున్నారు. వాటిలో ఆఖరిది చేరింది 2022 డిసెంబరులో. వాయుసేనకు అనుమతించిన స్క్వాడ్రన్లు 42. ఆ సంఖ్యను అందుకోవడం ఈనాటికీ కలే.

దస్త్రం ఎక్కడెక్కడ ఆగుతుందో చూస్తే రోగం మూలం అర్థమవుతుంది. ముందు దళాలు తమకు కావాల్సిన ఆయుధానికి కొలతలు, సామర్థ్యం రాసిస్తాయి. తప్పు తరచూ ఇక్కడే మొదలవుతుంది. ప్రపంచంలోని నాలుగు ఆయుధాల గొప్పలన్నీ ఒకేదానిలో కావాలని రాస్తే, ఏ కంపెనీ దగ్గరా అది ఉండదు. ఒకే తుపాకీకి 5.56, 7.62 మిల్లీమీటర్ల గొట్టాలు రెండూ మార్చుకునే వీలుండాలని 2011లో టెండరు ఇచ్చారు. నాలుగేళ్లు పరీక్షించి, ఏదీ నెగ్గక, 2015లో రద్దు చేశారు. చివరికి 2019లో 72,400 సిగ్‌ రైఫిళ్లను అత్యవసర పద్ధతిలో విదేశం నుంచి కొన్నారు.

కొలతలు ఖరారైతే రక్షణ కొనుగోళ్ల మండలి ‘అవసరమే’ అని తీర్మానిస్తుంది. ఆపై టెండరు, సాంకేతిక పరిశీలన, క్షేత్ర పరీక్షలు. ఎడారి ఎండలో ఒకసారి, ఎత్తైన పర్వతాల చలిలో ఒకసారి ఆయుధాన్ని ఆడించి చూడాలి. మే, జూన్‌ నెలల్లో పోఖ్రాన్‌కు సరకు చేరకపోతే మళ్లీ ఎండలు ముదిరేదాకా ఏడాది ఆగాల్సిందే. పరీక్షలు ముగిశాక ధర బేరం. ఈలోగా కంపెనీ ఇచ్చిన ధరకు గడువు తీరుతుంది, పొడిగించమని కోరితే డాలరు, యూరోల లెక్కలు ముందుకొస్తాయి. ఆర్థిక సలహాదారు ఒక ప్రశ్న రాస్తారు, దళ ప్రధాన కార్యాలయం జవాబు పంపుతుంది, ఆ జవాబు మీద మరో ప్రశ్న పుడుతుంది. పెద్ద ఒప్పందమైతే భద్రతా వ్యవహారాల మంత్రివర్గ సంఘం దాకా వెళ్లాలి. ఇందులో ఏ అంచె వారైనా ‘మా దగ్గర ఆలస్యం లేదు’ అని నిజాయతీగానే చెప్పగలరు. ఎవరికి వారే యమునా తీరే!

ఇది మా అనుమానం కాదు. అప్పటి సహాయమంత్రి సుభాష్‌ భామ్రే 2017లో తయారుచేసిన అంతర్గత నివేదికే ఆ మాట చెప్పింది. అంతకు ముందు మూడేళ్లలో చూసిన 144 కొనుగోలు ప్రతిపాదనల్లో గడువులోగా ఒప్పందం దాకా వచ్చినవి 8 నుంచి 10 శాతమే. జవాబుదారీ అనదగ్గ ఏకైక కేంద్రం లేకపోవడం, ఒకే పనిని పలువురు మళ్లీ మళ్లీ చేయడం ఇందుకు కారణాలని ఆయన రాశారు. ఫెర్నాండెజ్‌ అయితే నివేదికల జోలికి పోలేదు. సియాచిన్‌కు మంచు స్కూటర్ల కొనుగోలును నానబెట్టిన అధికారులను ఆ హిమనదానికే వెళ్లి రమ్మన్నారు. దస్త్రం కదిలింది. కానీ ప్రతి దస్త్రానికీ ఒక సియాచిన్‌ను ఎక్కడని వెతుకుతాం?

సంతకానికి చేయి వణకడం వెనక బోఫోర్స్‌ నీడ ఉంది. 1986 మార్చిలో 410 శతఘ్నులకు ఒప్పందం చేసుకుంటే, మరుసటి ఏడాదే ముడుపుల గుట్టు రట్టయింది. లంచం తిన్నవారిని పట్టుకుని శిక్షించడం చేతకాలేదు గానీ, కొనుగోళ్లు మాత్రం స్తంభించాయి. మరో 155 మిల్లీమీటర్ల కొత్త శతఘ్నికి ఒప్పందం జరిగింది 2016 నవంబరులో, ముప్ఫై ఏళ్ల తర్వాత! విచిత్రమేమిటంటే, బోఫోర్స్‌ ఒప్పందంలో భాగంగా వచ్చిన సాంకేతిక పత్రాలు మన ఆయుధ కర్మాగారాల దగ్గరే దశాబ్దాలపాటు పడి ఉన్నాయి. వాటి ఆధారంగానే జబల్‌పుర్‌లో ధనుష్‌ శతఘ్ని తయారైంది. ఆ పని ఇరవై ఏళ్ల ముందే ఎందుకు మొదలుకాలేదు? మొదలుపెట్టమనే అధికారం ఎవరికీ లేదు, మొదలుపెట్టనందుకు ఎవరినీ అడిగేవారూ లేరు.

1961 నాటి కార్య విభజన నిబంధనల్లో ‘దేశ రక్షణ’ బాధ్యత రక్షణ విభాగానిది, అంటే దాని కార్యదర్శిది. 2019 డిసెంబరులో త్రిదళాధిపతి (సీడీఎస్‌) పదవి సృష్టించి, సైనిక వ్యవహారాల విభాగాన్ని ఆయన కింద పెట్టడం మంచి మార్పు. అయితే ఆయుధాలు, విమానాల వంటి పెట్టుబడి కొనుగోళ్లు పాతచోటే ఉండిపోయాయి. కోరేవారు ఒకచోట, కొనేవారు మరోచోట, డబ్బు లెక్క చూసేవారు ఇంకోచోట. ఆ పదవికి ప్రభుత్వం ఇచ్చిన విలువా అంతంతమాత్రమే. జనరల్‌ రావత్‌ 2021 డిసెంబరు 8న హెలికాప్టర్‌ ప్రమాదంలో మరణిస్తే, వారసుడిగా జనరల్‌ చౌహాన్‌ బాధ్యతలు చేపట్టింది 2022 సెప్టెంబరు 30న. లద్దాఖ్‌లో చైనా సేనలు తిష్ఠవేసిన కాలంలో తొమ్మిది నెలలకు పైగా కుర్చీ ఖాళీ!

డబ్బు సంగతి వేరే కథ. 2025-26లో రక్షణకు రూ.6.81 లక్షల కోట్లు కేటాయిస్తే అందులో పెట్టుబడి పద్దు రూ.1.80 లక్షల కోట్లు, పింఛన్లు రూ.1.60 లక్షల కోట్లు. పెట్టుబడిలోనూ అధికభాగం పాత ఒప్పందాల వాయిదాలకే పోతుంది. మార్చి 31లోగా ఖర్చుకాని సొమ్ము ఖజానాకు తిరిగి వెళ్తుంది. మురిగిపోని నిధి పెడతామని జస్వంత్‌ సింగ్‌ 2004లోనే చెప్పారు, పదిహేనో ఆర్థిక సంఘమూ సిఫార్సు చేసింది. ఆ నిధి ఇప్పటికీ కాగితం దాటలేదు.

ఈ జాప్యం ఢిల్లీ గోడల మధ్యే ఉండిపోదు. హైదరాబాద్‌లో క్షిపణులు తయారుచేసే భారత్‌ డైనమిక్స్‌ (బీడీఎల్‌)కు విడిభాగాలు చేసిచ్చే చర్లపల్లి, కుషాయిగూడ, బాలానగర్‌ చిన్న పరిశ్రమలకు ఆర్డరు రెండేళ్లు వెనక్కి జరిగితే యంత్రాల రుణం వాయిదా మాత్రం జరగదు. ఈలోగా శిక్షణ పొందిన టర్నర్‌, వెల్డర్‌ వేరే పని చూసుకుంటారు. విశాఖలోని హిందుస్థాన్‌ షిప్‌యార్డు 2010లో రక్షణ శాఖ కిందికి వచ్చింది. అక్కడ రెండు కడతారనుకున్న ల్యాండింగ్‌ ప్లాట్‌ఫాం నౌకల (సైన్యాన్ని తీరానికి చేర్చేవి) టెండరు ఏళ్ల తరబడి సాగి రద్దయింది. సుమారు రూ.19 వేల కోట్ల విలువైన అయిదు సహాయక నౌకల ఒప్పందం కుదిరింది 2023 ఆగస్టులో. పదమూడేళ్ల పాటు ఆ యార్డు నైపుణ్యాన్ని ఎదురుచూపులతోనే కాపాడుకోవాల్సి వచ్చింది.

రాజ్‌నాథ్‌ సింగ్‌ 2019 మే నుంచి ఈ శాఖలో ఉన్నారు. ఆయనకు దొరికిన వ్యవధి చవాన్‌కు కూడా దొరకలేదు. 41 ఆయుధ కర్మాగారాలను 2021లో ఏడు సంస్థలుగా మార్చారు, 2025ను సంస్కరణల ఏడాదిగా ప్రకటించారు. కొనుగోళ్ల మండలి కూర్చున్న ప్రతిసారీ ఇన్ని వేల కోట్లకు ఆమోదమంటూ పత్రికా ప్రకటన వస్తూనే ఉంది. ఆ ఆమోదం కొనుగోలు కాదు, అవసరం ఉందన్న ఒప్పుకోలు మాత్రమే. అందులో ఎన్ని ఒప్పందాలయ్యాయో, ఎన్ని మధ్యలో రాలిపోయాయో లెక్క చెప్పే ప్రకటన మాత్రం రాదు. ప్రతి పెద్ద కొనుగోలుకూ మూడేళ్లకు తగ్గకుండా ఒకే అధికారిని నియమించి, బదిలీ చేస్తే కారణం రాతపూర్వకంగా నమోదు చేయాలి. ఆమోదం పొందిన తేదీ, టెండరు తేదీ, ప్రస్తుతం ఆగిన అంచె, బాధ్యుడైన అధికారి హోదా... ఈ నాలుగు గడులతో పట్టికను బడ్జెట్‌ సమావేశాల్లో పార్లమెంటు ముందు ఉంచాలి. రహస్యమన్న సాకు ఇక్కడ చెల్లదు. ఆమోదించిన రోజునే ఆయుధం పేరు, మొత్తం విలువ చాటింపు వేస్తున్నది రక్షణ శాఖే.