ఏం లేదులే, తిను

టీవీలో క్షిపణులు పేలుతుంటే పక్కనే అన్నం తింటున్న పిల్ల ‘ఇక్కడికీ వస్తాయా?’ అని అడుగుతుంది. మనం రిమోట్ అందుకుని ‘ఏం లేదులే, తిను’ అంటాం. ఏమీ లేకపోతే చానల్ ఎందుకు మార్చినట్టు?

విశాఖ పిల్లలకి ఈ అనుమానం ఊరికే రాదు. తూర్పు నౌకాదళం ఉన్న ఊరు, క్లాసులో ఎవరో ఒకరి నాన్న ఓడ మీద ఉంటాడు, ఎక్స్‌కర్షన్ అంటే ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఎక్కడమే. 2025 ఏప్రిల్ 22న పహల్గాం ఉగ్రదాడిలో చనిపోయిన 26 మందిలో మన ఊరాయనా ఉన్నారు. రెండు వారాలు తిరిగేసరికి, మే 7న, దాడి జరిగితే ఏం చేయాలో నేర్పే మాక్ డ్రిల్ నగరంలో జరిగింది. ఇంత జరిగాక ‘అదెక్కడో దూరంగాలే’ అంటే ఏ పిల్లాడు నమ్ముతాడు?

హుద్‌హుద్ గుర్తుందా? 2014 అక్టోబరు 12. కరెంటు పోయింది, టీవీలు మూగబోయాయి. హోరుమన్న గాలి ఉన్నట్టుండి ఎందుకు ఆగిందో, తుపాను కన్ను దాటాక ఎదురు దిక్కు నుంచి మళ్లీ ఎందుకు కొడుతుందో, పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పక తప్పని రోజు అది. యుద్ధం వార్తలకి ఆ పక్కన కూర్చునే మనిషే ఉండటం లేదు. ఒకే పేలుడు ఇరవైసార్లు చూపిస్తే చిన్నపిల్లలకి అది ఇరవై పేలుళ్లు. 2025 మే నెలలోనే, సైరన్ మోతలు కార్యక్రమాల్లో వాడొద్దని చానళ్లకి కేంద్రం చెప్పాల్సొచ్చింది. (పత్రికలేం తక్కువ తినలేదు, టీపాయ్ మీద పడుండే మొదటి పేజీలో మా వాటా మాకుంది.)

చెప్పే ముందు ‘నువ్వేం విన్నావు?’ అని అడగండి. స్కూలు ఆటోలో ఏం పుట్టించారో అప్పుడు బయటపడుతుంది. చాలాసార్లు వాళ్ల భయం మనం అనుకున్నంత పెద్దది కాదు, రేపు స్కూలుంటుందా, నాన్న ఎప్పుడొస్తాడు, అంతే. అంతవరకే చెప్పండి. ఓడ మీదున్న నాన్న గురించి ‘ఏమీ కాదు’ అని ఒట్టు పెట్టకండి. ఫోన్ వచ్చేదాకా ఇంట్లో ఎవరెవరు ఉంటారో చెప్పండి. ‘నాకూ తెలీదురా, తెలిశాక చెప్తా’ అంటే పరువేం పోదు.

ఇంకొకటి, పేరెంట్స్ మీటింగుల్లో ఎవరూ ఎత్తని మాట. యుద్ధం వార్తలు నడిచే వారాల్లో పక్క బెంచీ పిల్లాడి పేరు చూసి, వాడి మతం చూసి, క్లాసులో ఎవరైనా ఏమైనా అన్నారా? మనవాడు ఏం చేశాడు, నవ్వాడా? అదీ అడగండి.