ఏఎన్‌ఏకి హడలిపోయాం, మూత్ర పరీక్ష మర్చిపోయాం

మా పెద్దమ్మ మనవరాలికి ఇరవై ఆరేళ్లు. ఆర్నెల్లుగా పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి జడ వేసుకోలేకపోయేది. దువ్వెన నిండా జుట్టు. కాసేపు ఎండలో తిరిగితే బుగ్గలు కందిపోయేవి. రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు వాడింది. చివరికి ‘ఏఎన్‌ఏ పాజిటివ్’ అని, అంటే మన కణాల కేంద్రకాల మీదకే వెళ్లే యాంటీబాడీలు రక్తంలో ఉన్నాయని రిపోర్టు రాగానే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒకటే టెన్షన్.

ఆ ఒక్క ముక్కకే అంత భయం అక్కర్లేదు. లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థ మన మీదే తిరగబడే జబ్బు) ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ ఏఎన్‌ఏ పాజిటివే, నిజమే. కానీ 1:80 స్థాయిలో, అంటే రక్తాన్ని ఎనభై రెట్లు పలచన చేసినా, ఏ జబ్బూ లేనివాళ్లలోనూ నూటికి పదిమందికి పైగా కనిపిస్తుంది. 2019లో యూరప్, అమెరికా రుమటాలజీ సంఘాలు కలిసి తెచ్చిన ప్రమాణాల్లో ఏఎన్‌ఏ గడప మాత్రమే. గడప దాటాక మార్కులు: కీళ్ల వాపుకి 6, మన డీఎన్‌ఏ మీదకే వెళ్లే డీఎస్-డీఎన్‌ఏ యాంటీబాడీలకి 6, జుట్టు రాలడానికి 2. లూపస్ అనడానికి పది రావాలి, అందులో ఒక్క లక్షణమైనా ఉండి తీరాలి. ఇవి పరిశోధనల కోసం చేసిన లెక్కలే అయినా, డాక్టరు ఆలోచన ఎటు నడుస్తుందో చెబుతాయి.

రక్తంలో తేడా ముందొచ్చి, జబ్బు తర్వాత బయటపడటం మామూలే. అమెరికా సైన్యం దాచి ఉంచిన రక్త నమూనాల్లో 130 మంది లూపస్ రోగులవి తీసి చూస్తే, 115 మందికి జబ్బు తేలకముందే ఏదో ఒక యాంటీబాడీ ఉంది. కొందరికైతే తొమ్మిదేళ్ల ముందు నుంచే. అలాగని ఒంట్లో ఏ బాధా లేనివాళ్లకి స్టెరాయిడ్లు మొదలుపెట్టరు కదా!

ఇక సీ3, సీ4 అనే రక్తంలోని రక్షణ ప్రోటీన్ల సంగతి. యాంటీబాడీలు మన డీఎన్‌ఏతోనే జతకట్టి కిడ్నీల్లో పేరుకుంటాయి. ఆ గొడవలో ఈ ప్రోటీన్లు ఖర్చైపోతాయి, అందుకే రిపోర్టులో తక్కువ చూపిస్తాయి. జబ్బు ఎగిసిందా, తగ్గిందా అన్నది వీటితో, డీఎస్-డీఎన్‌ఏతో కొంత తెలుస్తుంది. ఏఎన్‌ఏ మళ్లీ మళ్లీ చేయించడం మాత్రం డబ్బు దండగ.

ఆ అమ్మాయి ఫైల్లో ఏఎన్‌ఏ రిపోర్టులు మూడున్నాయి. మూత్ర పరీక్ష ఒక్కటీ లేదు. నాకు ఒళ్లు మండింది అక్కడే. కిడ్నీ దెబ్బతింటున్నా నొప్పి పుట్టదు. మూత్రంలో రోజుకి అర గ్రాము మించి ప్రోటీన్ పోతుంటే బయాప్సీ (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూడటం) దాకా ఆలోచించాల్సిందే. దాన్ని ముందుగా పట్టిచ్చేది అన్నిటికన్నా చవకైన ఆ మూత్ర పరీక్షే.

అడిగి చేయిస్తే ప్రోటీన్ రెండు ప్లస్‌లు వచ్చింది, అంటే ఎక్కువగానే పోతోంది. పాదాల మీద వాపుందేమిటని అడిగితే, కొత్త చెప్పులు బిగుతుగా ఉన్నాయనుకున్నానంది.