ఓడిన కోచ్‌ను పంపేస్తే జట్టు బాగుపడుతుందా?

అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌లో సీజన్ సగానికి వచ్చేసరికి ఏటా ఒకే వాదన ఊపందుకుంటుంది. అక్కడ చదువుకున్న మనవాళ్ళూ దాన్ని పంచుకుంటుంటారు. వాదన ఇది: మూడు నాలుగేళ్ళలో గెలిపించలేని కోచ్ ఇక ఎప్పటికీ గెలిపించలేడు, కొత్తగా ఎవరొచ్చినా ఇంతకంటే నయమే, ఒప్పందం మధ్యలో తెంచుకున్నందుకు ఇవ్వాల్సిన సొమ్ము దాతలు భరిస్తారు, సీజన్ ముగిసేదాకా ఆగడం పిరికితనం. వినడానికి బాగున్నా, ఇందులో ఏ మాటా పరీక్షకు నిలవదు.

నాలుగేళ్ళు చాలన్న లెక్క పాటించి ఉంటే వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయానికి ఫ్రాంక్ బీమర్ లాంటి కోచ్ దక్కేవారు కాదు. 1987లో ఆయన చేరేనాటికే ఆ జట్టు నిబంధనల ఉల్లంఘనకు శిక్ష ఎదుర్కొంటోంది. ఆటగాళ్ళకిచ్చే స్కాలర్‌షిప్‌లలో కోత పడింది. మొదటి ఆరేళ్ళలో ఆయన జట్టు 24 గెలిచి 40 ఓడింది, రెండు సమమయ్యాయి. ఆరో ఏడు, 1992లో, గెలిచినవి రెండే. అప్పటి క్రీడా విభాగాధిపతి డేవ్ బ్రెయిన్ ఆయన్ను తీసేయలేదు. సహాయక బృందంలో మార్పులు జరిగాయి. మరుసటి ఏడాది 9 విజయాలు వచ్చాయి. 1993 నుంచి 2015లో బీమర్ విరమించేదాకా 23 సీజన్లు వరుసగా ఆ జట్టు బౌల్ పోటీలకు (సీజన్ చివర, బాగా ఆడిన జట్లకు దక్కే మ్యాచ్‌లకు) అర్హత సాధించింది. 1999 సీజన్‌లో జాతీయ టైటిల్ పోరు దాకా వెళ్ళింది.

'ఎవరొచ్చినా నయమే' అనేవారికి నెబ్రాస్కా కథ తెలియాలి. 1970, 71, 94, 95, 97లలో జాతీయ కిరీటం గెలిచిన జట్టు అది. 2003లో లీగ్ దశలో 9 గెలిచి 3 ఓడిన ఫ్రాంక్ సోలిచ్‌ను తొలగించారు. ఆరేళ్ళలో ఆయన లెక్క 58 గెలుపులు, 19 ఓటములు. ఆయన తరువాత వచ్చిన బిల్ కాలహాన్ నాలుగేళ్ళలో 27 గెలిచి 22 ఓడారు. ఆ తరువాత బో పెలీనీ ఏడు సీజన్లలో ఏ ఏడాదీ తొమ్మిది విజయాలకు తగ్గలేదు; 2014లో ఆయనకూ ఉద్వాసన చెప్పారు. తరువాత మైక్ రైలీ 19 గెలిచి 19 ఓడారు. 2017 నుంచి 2023 దాకా ఏడేళ్ళూ గెలుపులకన్నా ఓటములే ఎక్కువ. చక్కగా నడుస్తున్న కోచ్‌ను అసహనంతో పంపినందుకు ఆ అభిమానులు ఇరవై ఏళ్ళు మూల్యం చెల్లించారు. 2013లో వెలువడిన ఒక అధ్యయనం కూడా ఇదే తేల్చింది: అట్టడుగు జట్లకు కోచ్ మార్పుతో పెద్దగా ఒరిగిందేమీ లేదు, మధ్యస్థంగా ఆడే జట్లు మార్చుకుని మరింత దిగజారాయి.

అంటే ఎవర్నీ తీయకూడదని కాదు. రైలీ తరువాత వచ్చిన స్కాట్ ఫ్రాస్ట్‌ను నెబ్రాస్కా తీసేయడం సబబే. 1997 విజేత జట్టులో క్వార్టర్‌బ్యాక్, అంటే దాడిని నడిపించే ఆటగాడు, ఆయనే. కోచ్‌గా సెంట్రల్ ఫ్లోరిడా జట్టును 2017లో అజేయంగా నిలిపి సొంతగూటికి వచ్చారు. 2021లో 9 ఓటములూ పది పాయింట్లలోపు తేడాతోనే. బీమర్‌కు ఇచ్చినట్టే ఆయనకూ అవకాశమిచ్చారు, నలుగురు సహాయకులను మార్చారు. అయినా 2022లో జార్జియా సదరన్ అనే చిన్న జట్టు చేతిలో సొంత మైదానంలోనే 45-42తో ఓడారు. బీమర్ ఓటముల వెనుక ఆ శిక్ష, స్కాలర్‌షిప్‌ల కోత అనే తొలగిపోయే కారణం ఉంది. ఫ్రాస్ట్ విషయంలో ఏం మార్చినా ఫలితం మారలేదు. అడగాల్సింది ఎన్ని ఓడారని కాదు, ఎందుకు ఓడుతున్నారని, ఆ కారణం కోచ్‌తోపాటే వెళ్ళిపోతుందా అని.

అయితే ఆ తొలగింపులో తొందర ఎంత ఖరీదైందో చూడండి. సెప్టెంబర్ 11న పంపించారు. అక్టోబర్ 1 దాకా ఆగి ఉంటే ఇవ్వాల్సింది కోటిన్నర డాలర్ల నుంచి 75 లక్షలకు తగ్గేది. తాత్కాలిక కోచ్ కింద జట్టు 3 గెలిచి 6 ఓడింది. కొత్త కోచ్ మ్యాట్ రూల్ నియామకం నవంబర్ చివరికి గానీ ప్రకటించలేదు. ముందుగా తీసేస్తే కొత్త కోచ్‌ను ముందుగా వెతకడం మొదలుపెట్టవచ్చన్న వాదనలో బలముంది, కానీ అంత సొమ్ము విలువ చేసేంత కాదు.

దాతల డబ్బేగా అంటారు. టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం 2023లో కోచ్ జింబో ఫిషర్‌ను 7.5 కోట్ల డాలర్లకు పైగా బాకీపడి పంపింది. ఆ చెల్లింపులు 2031 దాకా సాగుతాయి. ఆయన స్థానంలో మైక్ ఎల్కో ఎంపిక అక్కడ కలిసొచ్చింది, ఒప్పుకోవాల్సిందే. కానీ దాత చేయి అక్షయపాత్ర కాదు. స్టేడియం మరమ్మతులకూ ఆటగాళ్ళ పారితోషికానికీ అడిగేది ఆ దాతలనే. కోచ్ మారితే ఆటగాళ్ళు వేరే జట్లకు బదిలీ కావడానికి ప్రత్యేక గడువు తెరుచుకుంటుంది కాబట్టి, ఉన్న జట్టును నిలబెట్టుకోవడానికి ఆ వారాల్లోనే వారి దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి.